తిరిగి రాని హాటీస్‌బర్గ్ అబ్బాయి

"టీచర్, ఆయన్ని ఇంటికి తీసుకురాలేదా?"

ఆదివారం గుడి తరగతిలో తొమ్మిదేళ్ల పాప నన్ను అడిగిన ప్రశ్న ఇది. ఆ రోజు పాఠం పక్కన పెట్టి, వేసవి సెలవుల్లో మిసిసిపీ వెళ్లినప్పుడు తీసుకున్న ఫోటోలు పిల్లలకు చూపిస్తున్నాను. ఒక యువ పైలట్ కథ చెప్పాను. కథ అయిపోయింది అనుకున్నాను. పాపకు మాత్రం అయిపోలేదు.

ముందుగా నా సంగతి రెండు మాటల్లో చెబుతాను. నేను కాలిఫోర్నియాలో బడి టీచరుని. వయసు యాభై దాటింది. ఫీజీలో రాకిరాకి దగ్గర పుట్టాను. ఇంట్లో మేం మాట్లాడింది ఫీజీ హిందీ. తెలుగు నాకు గుడిలో దొరికింది. ఆదివారం పూజ అయ్యాక మాస్టారు చాప పరిచి, పలకలు ఇచ్చి, అ ఆ ఇ ఈ దిద్దించేవారు. అంటే మీలో చాలామందిలాగే నేను కూడా ఈ భాషను కష్టపడి నేర్చుకున్నదాన్నే. అందుకే చిన్న చిన్న వాక్యాలతో రాస్తున్నాను. తప్పులు ఉంటే పెద్దలు దిద్దాలి.

ఇక హాటీస్‌బర్గ్ అబ్బాయి కథ. ఆయన పేరు జెస్సీ లెరాయ్ బ్రౌన్.

పత్తి చేను మీద విమానం

జెస్సీ 1926 అక్టోబర్ 13న మిసిసిపీ రాష్ట్రంలోని హాటీస్‌బర్గ్‌లో పుట్టారు. ఆరుగురు పిల్లల ఇల్లు. లోపల నీళ్ల కుళాయి లేదు. అమ్మ జూలియా బడి టీచరు. నాన్న జాన్ దొరికిన పనల్లా చేసేవారు. 1938లో ఆయన పని పోయింది. అప్పుడు కుటుంబం లక్స్ అనే చిన్న ఊరికి వెళ్లి, ఇంకొకరి భూమిలో పత్తి, మొక్కజొన్న వేసింది. పండినదాంట్లో వాటా భూమి యజమానికి ఇవ్వాలి.

ఇలాంటి సేద్యానికి తెలుగులో మంచి మాట ఉంది. పంటలో సగం యజమానికి, సగం దున్నినవాడికి అయితే దాన్ని 'సంగోరు' అంటారు. సంగోరు రైతుకు భూమి ఉండదు. విత్తనానికి, తిండికి, బట్టకు ముందే అప్పు తీసుకుంటాడు. పంట వచ్చాక లెక్క చూస్తే అప్పు ఇంకా మిగిలే ఉంటుంది. మళ్లీ ఏడాది అదే చేలో దిగాలి. అమెరికాలో బానిసత్వం 1865లో పోయింది. కానీ దక్షిణాదిలో వేలాది నల్లజాతి కుటుంబాలను ఈ అప్పు పొలానికి కట్టిపడేసింది.

ఇది చదువుతుంటే మీకు మన గిర్మిట్ గుర్తొస్తోందా? నాకూ వచ్చింది. అగ్రిమెంట్ అనే మాట మన పెద్దల నోట గిర్మిట్ అయింది. ఐదేళ్ల ఒప్పందం. ఫీజీలో మగవాళ్లకు రోజుకు 1 షిల్లింగు, ఆడవాళ్లకు 9 పెన్నీలు అని కాగితం మీద రాశారు. అప్పజెప్పిన పని పూర్తి కాకపోతే ఆ కూలి కూడా దక్కేది కాదు. అయినా రెండూ ఒకటే అని నేను పిల్లలకు చెప్పను. మన ముత్తాతలు ఓడ ఎక్కేముందు వేలిముద్ర వేశారు. మోసపోయి వేసినవాళ్లు చాలామంది ఉన్నారు. జెస్సీ పూర్వీకులను అది కూడా అడగలేదు. ఐదేళ్ల తర్వాత మన గిర్మిట్ ముగిసేది. వాళ్ల బానిసత్వానికి గడువే లేదు.

జెస్సీకి ఆరేళ్లప్పుడు నాన్న ఒక విమాన ప్రదర్శనకు తీసుకెళ్లారు. ఆ రోజు నుంచి ఆ పిల్లవాడి కళ్లు ఆకాశం మీదే. పొలంలో పని చేస్తుండగా తల మీదుగా విమానం పోతే, చేతిలో పని ఆపి చూసేవాడు. ఏదో ఒక రోజు నేనూ నడుపుతాను అనేవాడు. ఇంటివాళ్లు నవ్వేవాళ్లు. ఎందుకు నవ్వరు? ఆ రోజుల్లో సైన్యం విమానాల్లో నల్లజాతి పైలట్ ఒక్కడు కూడా లేడు.

పదకొండేళ్ల పిల్లవాడి ఉత్తరం

ఈ సంగతి జెస్సీ ఒక నల్లజాతి వార్తాపత్రికలో చదివి తెలుసుకున్నాడు. ఊరుకోలేదు. 1937లో అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌కే ఉత్తరం రాశాడు. సైన్యం నల్లజాతివాళ్లను పైలట్లుగా ఎందుకు తీసుకోదు అని అడిగాడు. శ్వేతసౌధం నుంచి మర్యాదగా జవాబు వచ్చింది. జవాబు మర్యాదగానే ఉంది, మార్పు మాత్రం వెంటనే రాలేదు.

ఇక్కడ నేను తరగతిలో కాసేపు ఆగుతాను. పదకొండేళ్లంటే నా దగ్గర చదివే పిల్లల వయసే. ఆ పిల్లవాడి ఇంట్లో డబ్బు లేదు. అతని తల్లిదండ్రులకు మిసిసిపీలో ఓటు వేయడమే కష్టం. అయినా తన దేశ అధ్యక్షుణ్ణి ప్రశ్న అడిగే హక్కు తనకు ఉందని అనుకున్నాడు. ఆ నమ్మకం వెనక అమ్మ నేర్పిన చదువు ఉందని నాకు అనిపిస్తుంది. టీచరు కొడుకు కదా!

లక్స్‌లో ఉంటే పై చదువు కుదరదు. అందుకని జెస్సీ హాటీస్‌బర్గ్‌లో బంధువుల ఇంట ఉండి యురేకా హైస్కూల్లో చదివాడు. అది నల్లజాతి పిల్లల కోసం 1921లో కట్టిన ఇటుక బడి. 1944లో తన తరగతిలో రెండో స్థానంలో చదువు ముగించాడు. అతనికి ఇష్టమైన వీరుడు పరుగుల రాజు జెస్సీ ఓవెన్స్. ఓవెన్స్ చదివిన ఒహాయో స్టేట్ యూనివర్సిటీకే తనూ వెళ్లాడు. పగలు భవన నిర్మాణ శాస్త్రం చదువు. రాత్రి రైలు పెట్టెల్లోకి సరుకు ఎక్కించే పని.

అక్కడే నౌకాదళం కొత్త పైలట్ల కోసం వెతుకుతోందని తెలిసింది. నీలాంటివాడు ఇందులో నెగ్గలేడు అని చెప్పినవాళ్లున్నారు. జెస్సీ 1946లో పేరు రాయించుకున్నాడు. గ్లెన్‌వ్యూ, ఓటమ్వా, పెన్సకోలా అనే మూడు చోట్ల శిక్షణ. శిక్షణలో ఉన్నవాళ్లు పెళ్లి చేసుకోకూడదని నియమం. కానీ జెస్సీ మనసు హాటీస్‌బర్గ్ అమ్మాయి డెయిజీ పెర్ల్ నిక్స్ మీద ఉంది. 1947లో ఇద్దరూ రహస్యంగా పెళ్లి చేసుకున్నారు. తెలిస్తే శిక్షణ నుంచి పంపేసేవాళ్లు.

1948 అక్టోబర్ 21న ఆయన యూనిఫాం మీద బంగారు రెక్కల బ్యాడ్జి పెట్టారు. అమెరికా నౌకాదళం శిక్షణ పూర్తిచేసి పైలట్ అయిన మొదటి నల్లజాతి మనిషి జెస్సీ బ్రౌన్. సైన్యంలో జాతిభేదం పోవాలని అధ్యక్షుడు ట్రూమన్ ఆదేశం ఇచ్చి అప్పటికి మూడు నెలలు కూడా కాలేదు. ఆ డిసెంబర్‌లో కూతురు పమేలా పుట్టింది.

మంచు కొండ

1950 జూన్ 25న కొరియా యుద్ధం మొదలైంది. జెస్సీ పనిచేస్తున్న విమాన వాహక నౌక పేరు లేటీ. ఓడే ఒక విమానాశ్రయం అన్నమాట. శరదృతువులో లేటీ కొరియా తీరం చేరింది. జెస్సీ నడిపేది కార్సేర్ అనే ఒంటి ఇంజిన్ యుద్ధ విమానం. నేల మీద పోరాడే సైనికులకు పై నుంచి అండ ఇవ్వడం ఆయన పని.

పైలట్లు ఒంటరిగా వెళ్లరు. ఒకరి పక్కన ఒకరు తోడు ఎగురుతారు. జెస్సీకి తోడు పైలట్ పేరు థామస్ హడ్నర్. మసాచుసెట్స్‌లోని ఫాల్ రివర్ ఊరు. కిరాణా దుకాణాలున్న తెల్లజాతి కుటుంబం. నౌకాదళ అకాడమీలో చదివినవాడు. హోదాలో హడ్నర్ పైన. కానీ ఎగిరిన అనుభవం జెస్సీకి ఎక్కువ. అందుకని ఆకాశంలో జెస్సీ ముందు, హడ్నర్ తోడు.

ఆ చలికాలం కొరియా ఉత్తర కొండల్లో చోసిన్ జలాశయం దగ్గర అమెరికా సైనికులను చైనా సైన్యం చుట్టుముట్టింది. కొరియన్లు ఆ జలాశయాన్ని చాంగ్‌జిన్ అంటారు. అక్కడి చలికి తుపాకుల్లో నూనె గడ్డకట్టేది. సైనికుల వేళ్లు నల్లబడి ఊడిపోయేవి.

డిసెంబర్ 4 మధ్యాహ్నం లేటీ నుంచి ఆరు కార్సేర్‌లు లేచాయి. కొండల మీద తక్కువ ఎత్తులో ఎగురుతుండగా జెస్సీ విమానానికి కింద నుంచి తూటా తగిలింది. ఇంజిన్ ఆగిపోతోంది. దూకడానికి ఎత్తు చాలదు. మంచు కప్పిన ఒక కొండ వాలు మీద జెస్సీ విమానాన్ని దించాడు. విమానం ముక్కలైంది. పైనున్నవాళ్లు ఆయన పోయాడనే అనుకున్నారు. ఇంతలో విరిగిన విమానంలోంచి ఒక చెయ్యి ఊగింది.

జెస్సీ బతికే ఉన్నాడు. కానీ కాలు నలిగిన ఇనుము మధ్య ఇరుక్కుంది. ఇంజిన్ వైపు నుంచి పొగ వస్తోంది. చుట్టూ శత్రువుల ప్రాంతం.

అప్పుడు హడ్నర్ ఒక పని చేశాడు. ఎవరి ఆజ్ఞా లేదు, ఎవరినీ అడగలేదు. చక్రాలు దించకుండా తన విమానాన్ని కూడా ఆ కొండ మీదే పడేశాడు. దిగి జెస్సీ దగ్గరికి పరిగెత్తాడు. చేతులతో మంచు తోడి పొగ వచ్చే చోట వేశాడు. జెస్సీ తలకు ఉన్ని టోపీ పెట్టాడు. కాలు లాగి చూశాడు. రాలేదు. చార్లెస్ వార్డ్ అనే పైలట్ హెలికాప్టర్‌లో గొడ్డలి తెచ్చాడు. ఇద్దరూ కొట్టారు. గొడ్డలికి ఇనుము లొంగలేదు.

పొద్దు వాలింది. ఆ హెలికాప్టర్ చీకట్లో ఎగరలేదు. జెస్సీకి స్పృహ వస్తూ పోతూ ఉంది. తన ప్రేమను డెయిజీకి చెప్పమని హడ్నర్‌ను కోరాడు. మళ్లీ వస్తామని జెస్సీకి చెప్పి హడ్నర్ హెలికాప్టర్ ఎక్కాడు. అప్పటికే జెస్సీకి వినిపించిందో లేదో ఆయనకు తెలియదు. జెస్సీ వయసు 24.

ఆ చోటికి ఇంకో హెలికాప్టర్ పంపితే ఇంకా ప్రాణాలు పోతాయని అధికారులు ఒప్పుకోలేదు. కొద్ది రోజులకు జెస్సీ స్నేహితులే విమానాల్లో వెళ్లి ఆ రెండు కార్సేర్‌ల మీద నిప్పు బాంబులు వేశారు. శవం శత్రువు చేతికి చిక్కకూడదని అలా చేశారు. పై నుంచి తమ క్రైస్తవ ప్రార్థన చదివారు. అదే ఆయన అంత్యక్రియ. చితికి నిప్పు పెట్టినట్టే అని నా భర్త అన్నారు. ఆ మాట విన్నాక నాకు చాలాసేపు మాట రాలేదు.

డెయిజీ

1951 ఏప్రిల్ 13న శ్వేతసౌధంలో అధ్యక్షుడు ట్రూమన్ థామస్ హడ్నర్ మెడలో మెడల్ ఆఫ్ ఆనర్ వేశారు. అది ఈ దేశంలో సైనికుడికి ఇచ్చే అన్నిటికంటే పెద్ద పతకం. ఆ సభలో డెయిజీ కూడా ఉన్నారు. జెస్సీకి డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ పతకం ఆయన మరణం తర్వాత వచ్చింది.

వీరుల కథల్లో భార్య పేరు ఒక వాక్యంలో వచ్చి పోతుంది. డెయిజీకి అప్పుడు రెండేళ్ల పాప ఉంది. ఆమె కూర్చుని ఏడుస్తూ ఉండిపోలేదు. చదువుకున్నారు. హాటీస్‌బర్గ్‌లో టీచరుగా పనిచేశారు. మళ్లీ పెళ్లి చేసుకున్నారు. హడ్నర్‌తో ఆ కుటుంబం స్నేహం చివరిదాకా నిలిచింది. 1972లో నౌకాదళం ఒక యుద్ధనౌకకు జెస్సీ ఎల్. బ్రౌన్ పేరు పెట్టి నీళ్లలోకి దించినప్పుడు డెయిజీ అక్కడ ఉన్నారు. ఆమె 2014లో కన్నుమూశారు.

హడ్నర్ తన మాట మరిచిపోలేదు. 2013 జూలైలో, 88 ఏళ్ల వయసులో, జెస్సీ అవశేషాల కోసం ఉత్తర కొరియా వెళ్లారు. వానలు దారి మూసేశాయి. వాతావరణం బాగున్నప్పుడు రమ్మని అక్కడివాళ్లు చెప్పారు. ఆయన 2017లో చనిపోయారు. కొండ దాకా చేరలేదు. కొరియా యుద్ధంలో జాడ తెలియనివాళ్లు ఈనాటికీ 7,000కు పైగా ఉన్నారు. వాళ్ల పేర్లు హొనొలులులో గోడల మీద చెక్కారు. జెస్సీ పేరు వాటిలో ఒకటి.

మన ఇంటి మాట

హాటీస్‌బర్గ్‌లో ఈస్ట్ సిక్స్త్ స్ట్రీట్‌లో ఒక పాత చెక్క భవనం ఉంది. 1942లో, క్యాంప్ షెల్బీలో ఉన్న నల్లజాతి సైనికుల కాలక్షేపం కోసం కట్టారు. తెల్లవాళ్ల క్లబ్బులోకి వాళ్లను రానిచ్చేవారు కాదు. యుద్ధానికి పనికొచ్చినవాడు నాట్యానికి పనికిరాడన్నమాట! ఇప్పుడది నల్లజాతి సైనికుల చరిత్ర మ్యూజియం. జెస్సీ గురించి అక్కడ చదువుతూ నేను మా తాతను తలుచుకున్నాను.

రెండో ప్రపంచ యుద్ధంలో ఫీజీ భారతీయులు కూడా ఇదే ప్రశ్న అడిగారు. యూరోపియన్ సైనికుడికి ఎంత జీతమో మాకూ అంత ఇవ్వండి, చేరతాం అన్నారు. బ్రిటిష్ పాలకులు ఒప్పుకోలేదు. మనవాళ్లలో చాలా కొద్దిమందే సైన్యంలో చేరారు. 1943లో చెరకు ధర కోసం మన రైతులు సమ్మె కూడా చేశారు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు మనవాళ్లను స్వార్థపరులని, దేశం మీద ప్రేమ లేనివాళ్లని వేలెత్తి చూపారు. చిన్నప్పుడు బడిలో ఆ మాట నేనూ విన్నాను. ఇంటికి వచ్చి తాతను అడిగితే ఆయన జవాబు చెప్పలేదు. చెరకు కత్తి సాన పెట్టుకుంటూ కూర్చున్నారు.

జెస్సీ చేరాడు, మా తాత చేరలేదు. ఇద్దరిలో ఎవరు సరి? చాలాకాలం నేను దీనికి జవాబు వెతికాను. ఇప్పుడు ఇద్దరూ అడిగింది ఒకటే అనిపిస్తుంది. మమ్మల్ని సమానంగా లెక్కపెట్టండి అని. ఒకరు పనిలోకి దిగి, అందరికంటే బాగా చేసి అడిగారు. ఇంకొకరు పనికి రానని చెప్పి అడిగారు. జెస్సీ త్యాగం చెప్పి మన తాతలను తక్కువ చేయకూడదు. మన తాతల కోపం చెప్పి జెస్సీని అమాయకుడు అనకూడదు. పదకొండేళ్లకే అధ్యక్షుడికి ఉత్తరం రాసినవాడు అమాయకుడు ఎలా అవుతాడు?

ఆ పాపకు చెప్పిన జవాబు

మళ్లీ మొదటి ప్రశ్నకు వస్తాను. లేదమ్మా, ఆయన్ని ఇంటికి తీసుకురాలేదు. ఇంతవరకు తేలేకపోయారు.

అది చెప్పాక పిల్లలకు ఇంకో కాగితం చూపించాను. అది మా ముత్తాత ఎమిగ్రేషన్ పాసు నకలు. మద్రాసు రేవులో ఓడ ఎక్కినప్పుడు రాసింది. పేరు, తండ్రి పేరు, జిల్లా, ఊరు, ఒంటి మీద పుట్టుమచ్చ, అన్నీ ఉన్నాయి. గిర్మిట్ అయ్యాక ఆయన తిరిగి వెళ్లలేదు. ఆ ఊళ్లో ఆయన తల్లి ఎన్నాళ్లు గుమ్మం వైపు చూసిందో ఏ కాగితంలోనూ లేదు. వాళ్లకు ఉత్తరం రాలేదు, పతకం రాలేదు, ఓడకు కొడుకు పేరు పెట్టలేదు. ఆ ఇంటి నుంచి చూస్తే ఆయన కూడా తిరిగి రానివాడే.

మహాలయ పక్షంలో మన పెద్దలకు తర్పణం విడుస్తారు. మూడు తరాల పేర్లు పలుకుతారు. బంధువులు కానివాళ్ల కోసం కూడా నీళ్లు విడవవచ్చని, దాన్ని కారుణ్య తర్పణం అంటారని మా గుడి పంతులుగారు చెప్పారు. కారుణ్యం అంటే జాలి మాత్రమే కాదు, మన మనిషి అనుకోవడం కూడా.

పిల్లలు పలకల మీద రెండు పేర్లు రాశారు. మొదటిది వాళ్ల వాళ్ల ముత్తాతది లేదా ముత్తవ్వది. రెండోది జెస్సీ బ్రౌన్. 'జెస్సీ'లో స కింద స వత్తు అందరికీ బాగానే వచ్చింది. 'బ్రౌ' దగ్గర ఔత్వం, ర వత్తు రెండూ ఒకేసారి పెట్టడం కష్టమైంది. మూడుసార్లు చెరిపి రాశారు. నలుగురు పిల్లలకు మాత్రం మొదటి గీత ఖాళీగా మిగిలింది. ముత్తాత పేరు వాళ్లకు తెలియదు. ఇంటికి వెళ్లి అడగమన్నాను.

వచ్చే ఆదివారం లోపు మీరు కూడా మీ ఇంట్లో అడగండి. ఊరి పేరు కూడా అడగండి. చెప్పగలిగిన పెద్దలు ఇంకా ఉన్నారు.